సకినాల డబ్బా రాత్రికి రాత్రే సగం ఖాళీ: బింజ్ ఈటింగ్ (ఆపుకోలేకుండా తినేయడం) గురించి మనవాళ్లతో మాట్లాడాలి

సుబేదారి అక్క · జనవరి 24, రాత్రి 12:10

ఈ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు. ఇక్కడ పేరు కనపడదు కాబట్టి రాస్తున్నాను.

మాది హన్మకొండ. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, ఇద్దరు పిల్లలు. సంక్రాంతికి అమ్మ పరకాల నుంచి పెద్ద స్టీలు డబ్బా నిండా సకినాలు పంపింది. పోయిన శనివారం ఒక్కపొద్దు ఉన్నాను. పొద్దంతా టీలతో గడిపి, రాత్రి ఏడింటికి కొంచెం అన్నం తిన్నాను. అందరూ పడుకున్నాక పదకొండున్నరకు మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లాను. లైటు వేయలేదు. డబ్బా మూత తీసి ఒకటి తిన్నాను. తరవాత ఇంకొకటి. సకినం కొరికితే చప్పుడవుతుంది కదా. ఆయన లేస్తారేమోనని ముక్క నోట్లో పెట్టుకుని, మెత్తబడేదాకా ఆగి మింగాను. కాసేపటికి ఆ ఓపిక కూడా పోయింది. గ్లాసు నీళ్లలో ముంచి ముంచి మింగాను. రుచి తెలియలేదు, ఆకలి కూడా లేదు. ఆపాలని తెలుస్తూనే ఉంది, చెయ్యి ఆగలేదు. డబ్బా సగానికి దిగాక పొట్ట బిగుసుకుపోయింది. పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చాను.

ఆదివారం చౌరస్తా దగ్గర పిండివంటల దుకాణంలో సకినాలు కొని తెచ్చి, డబ్బాలో ముందు ఎక్కడిదాకా ఉండేవో అక్కడిదాకా నింపాను. అమ్మ చేసే వాటిలో నువ్వులు ఎక్కువ, వీటిలో వాము ఎక్కువ. పిల్లలు తేడా కనిపెడతారేమోనని రెండు రోజులు టెన్షన్.

ఇది ఒక్క రాత్రి సంగతి కాదు. ఎనిమిది నెలలుగా వారానికి రెండు మూడుసార్లు ఇదే జరుగుతోంది. తెల్లారగానే ఈ రోజు ఏమీ ముట్టనని ఒట్టు పెట్టుకుంటాను. రాత్రికి మళ్లీ మామూలే. నా బరువు ఇప్పుడు... (అడ్మిన్: అంకె తీసేశాం, కారణం కింద రాశాం). వాంతి చేసుకోవడం లాంటివి చేయను. నాకు మనసు మీద పట్టు లేదా, లేక ఇది జబ్బా? ఇంకెవరికైనా ఉందా?

అడ్మిన్ · జనవరి 24, ఉదయం 6:30

అక్కా, ధైర్యంగా రాశారు. ఈ చర్చలో కిలోల అంకెలు, క్యాలరీల లెక్కలు ఎవరూ రాయకండి. ఇదే బాధలో ఉన్నవాళ్లు ఆ అంకెలతో తమను పోల్చుకుని ఇంకా కుంగిపోతారు. మిగతాది ఏదైనా రాయండి.

కాజీపేట నైట్ డ్యూటీ · జనవరి 24, ఉదయం 9:15

అక్కా, మీ పోస్టు మూడుసార్లు చదివాను. నాకు 31 ఏళ్లు, మగవాణ్ని. ఇది ఆడవాళ్లకే వస్తుందని, నాది ఉత్త తిండి యావ అని ఇన్నాళ్లూ అనుకున్నాను.

పగలు జిమ్, ఉడకబెట్టిన గుడ్లు, ప్రోటీన్ పౌడర్, అంతే. అన్నం మానేసి ఏడాది దాటింది. రాత్రి డ్యూటీ దిగాక మాత్రం నేను నేను కాదు. రెండు బిర్యానీ పార్సిళ్లు చెబుతాను. ఒక్కడికే అని కౌంటర్‌లో తెలియకూడదని ఫోన్ చెవికి పెట్టుకుని "వస్తున్నా బావా, నీకు కూడా తెస్తున్నా" అంటాను. అవతల ఎవరూ ఉండరు. చెంచాలు రెండు పెట్టమంటాను. ఫాతిమానగర్ దాటాక చీకటిగా ఉన్న చోట బండి ఆపి, బండి మీదే కూర్చుని పదిహేను నిమిషాల్లో రెండూ అయిపోగొడతాను. వాడని చెంచాలు బండి డిక్కీలో ఇప్పటికి చాలా పోగయ్యాయి.

దావత్‌కు పోతే "మనోడు గట్టిగ తింటడు, ఇంకో ముక్క ఎయ్యున్రి" అని మెచ్చుకుంటారు. మగవాడు ఎక్కువ తింటే గొప్ప. అందుకే నాకేదో అవుతోందని ఎవరికీ అనుమానం రాదు. నాకు మాత్రం ఇంటికెళ్లి స్నానాల గదిలో అద్దం చూడాలంటే భయం.

చపాట మిర్చి · జనవరి 24, మధ్యాహ్నం 1:40

తప్పుగా అనుకోకండి. పండగ పూట అందరం ఎక్కువే తింటాం. బగారన్నం, మటన్ ఉన్న రోజు లేవలేనంతగా తిని పడుకోని ఇల్లుందా? దీనికి ఇంగ్లీషు పేరు పెట్టి జబ్బు చేయడం ఎందుకు? మా నాయిన పొద్దున గటక తాగి పొలం పోతే సాయంత్రమే అన్నం. ఆయనకు ఇవేవీ రాలేదు. రాత్రి ఏడు దాటాక నోరు కట్టేసి, మర్నాడు పదకొండు దాకా ఏమీ ముట్టకపోతే అదే దారికొస్తుంది. మా ఇంట్లో ఆడవాళ్లతో కూడా అదే చేయిస్తున్నాను.

మానసిక విభాగం నర్స్, కరీంనగర్ · జనవరి 24, రాత్రి 9:50

పన్నెండేళ్లుగా మానసిక విభాగంలో పనిచేస్తున్నాను. చాలామంది షుగర్ అనో, నిద్ర పట్టడం లేదనో వస్తారు. ఈ మాట ఆఖర్న, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చెబుతారు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మిర్చి అన్నా, పండగ రోజు నలుగురితో కూర్చుని నవ్వుకుంటూ ఎక్కువ తినడం జబ్బు కాదు, నిజమే. అక్క రాసింది అది కాదు. ఒక రెండు గంటల లోపల, అదే పరిస్థితిలో మామూలు మనిషి తినేదానికన్నా ఖచ్చితంగా ఎక్కువ తినడం ఒక లక్షణం. అంతకన్నా ముఖ్యమైనది, తింటున్నప్పుడు ఆపడం తన చేతిలో లేదనిపించడం. దాంతోపాటు ఆకలి లేకుండానే తినడం, మరీ వేగంగా తినడం, పొట్ట నొప్పెట్టేదాకా తినడం, సిగ్గుతో ఎవరూ లేనప్పుడు తినడం, తిన్నాక తన మీద తనకే అసహ్యం పుట్టడం. వీటిలో కనీసం మూడు ఉండి, సగటున వారానికి ఒకసారైనా, మూడు నెలలుగా జరుగుతూ, మనిషిని బాధ పెడుతుంటే దాన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని విడి జబ్బుగా తన మానసిక జబ్బుల పుస్తకంలో చేర్చింది. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనూ ఉంది. ఆ జాబితా ఇంకో మంచి మాట చెప్పింది. తిన్న మొత్తం మరీ పెద్దది కాకపోయినా, అదుపు తప్పడం అనేది ఉంటే లెక్కలోకి తీసుకోవచ్చు. అంటే "నేను తిన్నది పది సకినాలే కదా, నాది జబ్బేమిటి" అని ఎవరూ వెనక్కి తగ్గనక్కర్లేదు. ఖాయం చేయాల్సింది మాత్రం డాక్టరే.

కాజీపేట తమ్ముడూ, నువ్వు ఒంటరివి కాదు. 2007లో వచ్చిన అమెరికా సర్వేలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వచ్చినవాళ్లు ఆడవాళ్లలో నూటికి 3.5, మగవాళ్లలో 2. తిండికి సంబంధించిన మిగతా జబ్బుల్లో మగవాళ్లు బాగా తక్కువ. ఇందులో మాత్రం తేడా అంత పెద్దది కాదు. అయినా మా ఓపీకి వచ్చే మగవాళ్లు చాలా తక్కువ. ఎందుకు రారో నువ్వే రాశావు. దావత్‌లో ఇంకో ముక్క వేసేవాళ్లు ఉంటారు గానీ, బాధగా ఉందా అని అడిగేవాళ్లు ఉండరు. ఆడవాళ్ల సంగతి వేరు. వాళ్లు అందరికీ వడ్డించి, మిగిలింది తిని, తిన్నదానికి కూడా మాట పడతారు. దాచుకోవడం చిన్నప్పటి నుంచే అలవాటవుతుంది.

ఇక ఉపవాసం సంగతి. మీ ఇద్దరి పోస్టుల్లో పొద్దంతా ఏం తిన్నారో ఒకసారి చూడండి. ఒకరిది టీ, ఒకరిది గుడ్లు. 1944 నవంబరులో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధంలో ఆయుధం పట్టబోమని, దానికి బదులు ఈ పనికి తామే ముందుకొచ్చిన ఆరోగ్యవంతులు వాళ్లు. ఆరు నెలలు అరకడుపు తిండి పెట్టారు. వాళ్లకు పగలూ రాత్రీ తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. తరవాత తిననిచ్చినప్పుడు, పొట్ట నిండినా తృప్తి లేక ఆపలేకపోయినవాళ్లున్నారు. వాళ్లెవరికీ అంతకుముందు ఈ బాధ లేదు. అందరూ మగవాళ్లే, అందరూ గట్టి మనసున్నవాళ్లే.

అందరి విషయంలోనూ కారణం కడుపు మాడ్చుకోవడం ఒక్కటే కాదు. డిప్రెషన్, ఆందోళన, చిన్నప్పుడు లావు అని వెక్కిరింపులు పడటం, ఇంట్లో ఇంకొకరికి ఉండటం, ఇవన్నీ కలుస్తాయి. కానీ రాత్రి అదుపు తప్పితే, పగలు ఇంకా గట్టిగా కట్టేసుకోవాలి అనుకుంటారు చూడండి, అక్కడే చక్రం తిరుగుతుంది. మాడ్చుకుంటారు, విరుచుకుపడతారు, సిగ్గుపడతారు, మళ్లీ మాడ్చుకుంటారు. కాబట్టి రాత్రి తిండిని ఆపే పని పొద్దున టిఫిన్‌తో మొదలవుతుంది.

చపాట మిర్చి · జనవరి 25, ఉదయం 5:55

రాత్రంతా నిద్ర పట్టలేదు. నిన్న నేను రాసింది తప్పు.

రెండు నెలల నుంచి నా భార్య చేత పదహారు గంటల ఉపవాసం చేయిస్తున్నది నేనే. పోయిన నెల మా మరదలి పెళ్లిలో అందరి ముందు "ఇంత లావెక్కినవేంది" అన్నాను. మొన్న బియ్యం తీయబోతే డ్రమ్ములో అడుగున చేతికి కవర్లు తగిలాయి. బిస్కెట్ కవర్లు, చాక్లెట్ కాగితాలు, చిన్నగా మడిచి రబ్బరు బ్యాండ్ వేసి ఉన్నాయి. పిల్లలవేమో అనుకున్నాను. పిల్లలైతే అంత పద్ధతిగా మడవరు.

ఆమెతో ఎలా మాట్లాడాలి? సామాన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తే మేలా?

సుబేదారి అక్క · జనవరి 25, ఉదయం 8:20

అన్నా, ఆ కవర్లు దాచేది నేనే అయితే ఎలా ఉంటుందో చెబుతాను.

తాళం వేయకండి. మా అత్తమ్మ ఒకసారి పిల్లల కోసమని లడ్డూల డబ్బా తన బీరువాలో పెట్టుకుంది. ఆ రాత్రి నేను పంచదార, అటుకులు కలుపుకుని తిన్నాను. దొరికినదాన్ని తింటామే గానీ తినకుండా ఉండలేం. తాళం పడ్డాక నేను ఈ ఇంట్లో దొంగనన్న మాట ఖాయమైపోయింది.

కవర్లు దొరికాయన్న మాటతో మొదలుపెట్టకండి. అది వింటే నేనైతే గోడలో కలిసిపోవాలనుకుంటాను, మర్నాటి నుంచి ఇంకా లోతుగా దాస్తాను. ముందు పెళ్లిలో అన్న మాటకు క్షమాపణ చెప్పండి. ఉపవాసం మానేద్దాం, నాతోపాటు పొద్దున టిఫిన్ చెయ్యి అనండి. నాలుగు రోజులు కలిసి తినండి. తరవాత ఎప్పుడైనా పిల్లలు లేనప్పుడు "నువ్వు ఏదో బాధలో ఉన్నట్టుంది, నేను వింటాను" అనండి. ఆమె ఏమీ లేదంటుంది. నేనూ అంటాను. ఆ రోజుకు వదిలేయండి, కానీ వింటానన్న మాట నిలబెట్టుకోండి. ఆమె తినేటప్పుడు కంచం వైపు చూడకండి. ఆ చూపు మాకు వీపుకు కూడా తెలుస్తుంది.

ఎనుమాముల గుమస్తా · జనవరి 25, రాత్రి 10:30

మార్కెట్ యార్డులో మిర్చి సీజన్ మొదలైంది, పొద్దున ఐదింటికి పోతే తిండికి వేళ ఉండదు. వయసు 52. షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. మూడు నెలలకోసారి పరీక్ష చేయిస్తే అంకె పెరిగే ఉంటుంది. డాక్టర్ కోప్పడతారు, డైట్ చార్ట్ ఇస్తారు. చార్ట్ జేబులో పెట్టుకుని దారిలోనే మిర్చి బజ్జీ బండి దగ్గర ఆగుతాను. ఒక ప్లేటు కాదు. చార్ట్ ఇచ్చిన ఏ డాక్టర్‌కూ ఈ సంగతి చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. షుగర్ ఉన్నవాడు ఇలా తింటే చచ్చిపోవాల్సిందే అని ఇంట్లో అంటారు. నాకూ అప్పుడప్పుడు అదే మేలనిపిస్తుంది.

మానసిక విభాగం నర్స్, కరీంనగర్ · జనవరి 25, రాత్రి 10:48

అన్నా, మీ చివరి మాట చూసి వెంటనే రాస్తున్నాను. ఇప్పుడు ఇంట్లో ఎవరైనా మేలుకుని ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. డబ్బు అక్కర్లేదు, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. 2022 అక్టోబరు 10న మొదలుపెట్టారు. ఈ ఆలోచనలు బలంగా ఉంటే ఫోనుతో ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రికి ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లండి. చేసి ఇక్కడ ఒక్క ముక్క రాయండి, నేను మేలుకునే ఉంటాను.

ఎనుమాముల గుమస్తా · జనవరి 25, రాత్రి 11:35

చేశాను. ఒక అమ్మాయి మాట్లాడింది, తొందర పెట్టలేదు. పెద్దబ్బాయిని లేపాను, పక్కనే ఉన్నాడు. రేపు వాడు నాతో వస్తానన్నాడు.

మానసిక విభాగం నర్స్, కరీంనగర్ · జనవరి 26, ఉదయం 7:00

చాలా సంతోషం అన్నా. డాక్టర్‌ను కలిసినప్పుడు తిండి సంగతి కూడా దాచకుండా చెప్పండి. షుగర్ మందుల్లో కొన్ని, ఇన్సులిన్ అయితే మరీ, వేసుకుని తిండి మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, కనపడింది తినేయాలనిపిస్తుంది. కాబట్టి ఐదింటికి యార్డుకు పోయేటప్పుడు ఏం తినాలి, మందు ఏ వేళకు వేసుకోవాలి అన్నది మీ పని వేళలు చెప్పి వాళ్లతోనే రాయించుకోండి. మందు మీ అంతట మీరు మానడం, మార్చడం వద్దు.

కేయూ హాస్టల్ · జనవరి 27, రాత్రి 11:20

నాకూ ఇలాగే, కానీ తిన్నాక వేలు పెట్టి కక్కేస్తాను. వారానికి నాలుగైదు సార్లు. ఇది కూడా అదేనా?

మానసిక విభాగం నర్స్, కరీంనగర్ · జనవరి 27, రాత్రి 11:41

చెల్లీ, ఇది దానికి దగ్గరిదే గానీ వేరు. దీన్ని బులీమియా అంటారు. వాంతులతో ఒంట్లో పొటాషియం తగ్గితే గుండె కొట్టుకోవడంలో తేడా వస్తుంది, పళ్ల మీద పొర అరిగిపోతుంది. పరీక్షలయ్యాక చూద్దామని వాయిదా వేయకు. ఈ వారంలోనే డాక్టర్‌ను కలిసి రక్త పరీక్ష చేయించుకో. కళ్లు తిరగడం, గుండె దడ, వాంతిలో రక్తం, వీటిలో ఏది ఉన్నా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లు. కక్కిన వెంటనే పళ్లు తోమకు, నీళ్లతో పుక్కిలించు. నీకు తోడు కావాలంటే అడ్మిన్‌కు రాయి.

సుబేదారి అక్క · మార్చి 15, మధ్యాహ్నం 3:10

చాలా రోజులైంది. ఆ తరవాత ఏమైందో రాస్తున్నాను.

ఫిబ్రవరి మొదటి వారంలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాను. పావుగంట ఏడుపే. ఆమె ఆగి, ఎక్కడ తింటారు, నిలబడా కూర్చునా, లైటు వేసా అని అడిగింది. లైటు సంగతి అడగ్గానే నాకర్థమైంది, ఇది ఆమె ఎంతోమంది దగ్గర విన్నదే అని.

ముందు మందులు ఇవ్వలేదు. కౌన్సెలింగ్ అన్నారు. ఆలోచనలను, అలవాట్లను కలిపి సరిచేసే పద్ధతి అట, సీబీటీ అంటారు. బ్రిటన్‌లో 2017 మార్గదర్శకాల్లో ఈ జబ్బున్న పెద్దవాళ్లకు మొదట అలాంటి పుస్తకం ఇచ్చి, పక్కన ఒకరు ఉండి చేయించమన్నారని చెప్పింది. ఇరవై నిమిషాల చొప్పున నాలుగు నుంచి తొమ్మిది సార్లు, పదహారు వారాల్లో. అది చాలనివాళ్లకు పెద్ద కౌన్సెలింగ్. డిప్రెషన్ కూడా ఉంటే మందులూ అవసరం కావచ్చు. ఇంకో మాట సూటిగా చెప్పింది: దీనివల్ల బరువు పెద్దగా తగ్గకపోవచ్చు, ఈ వైద్యం అందుకు కాదు. విని మొదట దిగాలుపడ్డాను. ఇప్పుడు అది చెప్పడమే మంచిదయిందనిపిస్తోంది. లేకపోతే వారం వారం ముల్లు చూసుకుని మానేసేదాన్ని.

నాకిచ్చిన పని ఒక నోట్‌బుక్. తిన్న వెంటనే రాయాలి: వేళ, ఏం తిన్నాను, ఎక్కడ, అదుపులో ఉన్నట్టుందా లేదా, ముందు ఏం జరిగింది. పిల్లల హోంవర్క్ నోట్‌బుక్కులతో పాటు బ్యాగులో పెట్టుకున్నాను. రెండు వారాలు రాశాక నాకే కనపడింది. సాయంత్రం నాలుగింటికి స్కూలు నుంచి వచ్చేసరికి, సరిగ్గా తిని ఇరవై గంటలు. ఇంటికి రాగానే పిల్లల ట్యూషన్, వంట. రాత్రి పదకొండింటికే ఆ రోజంతటిలో నన్ను ఎవరూ పిలవని గంట మొదలవుతుంది. నేను సకినాల కోసం కాదు, ఆ గంట కోసం వెళ్తున్నాను.

రెండో పని, మూడు నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండకపోవడం. పొద్దున ఉప్మా, పదకొండింటికి అరటిపండు, మధ్యాహ్నం బాక్సు, నాలుగింటికి సర్వపిండి ముక్క, రాత్రి అందరితో కూర్చుని అన్నం. మొదటి వారం భయంతో చచ్చాను, ఇన్నిసార్లు తింటే ఏమైపోతానో అని. అత్తమ్మతో శనివారం ఒక్కపొద్దు ఉండనని చెప్పడం ఇంకా కష్టమైంది. డాక్టర్ వద్దన్నారు అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరవాత "పండు తిని పాలు తాగు, దేవుడేమనడు" అంది. అంతే.

శివరాత్రికి మళ్లీ పడ్డాను. దాచను. అందరితోపాటు ఉపవాసం ఉండి, వేయిస్తంభాల గుడికి పోయి, జాగరణ చేసి, తెల్లవారుజామున ఇంటికొచ్చి వంటింట్లోకే పోయాను. ఈసారి తేడా ఒక్కటే. మర్నాడు మాడ్చుకోలేదు. కళ్లు ఉబ్బి ఉన్నా ఎనిమిదింటికి ఇడ్లీ తిన్నాను. నోట్‌బుక్‌లో ఆ పేజీ కూడా ఉంది. వారానికి మూడు ఉన్నది ఇప్పుడు పది పన్నెండు రోజులకు ఒకటి.

ఆయనకు చెప్పాను. సకినాలు కొనుక్కొచ్చి నింపిన సంగతి కూడా. వాము ఎక్కువైందని ఆ రోజే అనిపించిందట.

చపాట మిర్చి · మార్చి 15, సాయంత్రం 6:05

అక్కా, మీరు చెప్పినట్టే చేశాను. మూడు వారాలు ఏమీ లేదంది. నాలుగో వారం తనే వచ్చి కూర్చుంది. ఆమె అనుమతి లేకుండా ఇంకేమీ రాయను.

కాజీపేట నైట్ డ్యూటీ · మార్చి 15, రాత్రి 8:40

నేను ఇంకా వెళ్లలేదు. రేపు సెలవు పెట్టాను, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక విభాగం ఓపీకి పోదామని. మగవాళ్లు ఈ సమస్యతో వస్తే నవ్వుతారా? చిట్టీ దగ్గర ఏమని చెప్పాలి? ఆఫీసులో తెలుస్తుందా?

మానసిక విభాగం నర్స్, కరీంనగర్ · మార్చి 15, రాత్రి 9:02

చిట్టీ దగ్గర మానసిక విభాగం అంటే చాలు తమ్ముడూ, కారణం అక్కడ చెప్పనక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నీ వైద్యం సంగతి గోప్యంగా ఉంచుకునే హక్కు నీకుంది. డాక్టర్ ముందు మాటలు రాకపోతే ఇక్కడ జనవరి 24న రాసిన పోస్టు ఫోన్‌లో తెరిచి చదవమని ఇవ్వు. జిమ్ పౌడర్లు ఏవి వాడుతున్నావో డబ్బా ఫోటో తీసుకెళ్లు. రాత్రి డ్యూటీ వేళలు కూడా చెప్పు, తిండి వేళలు వాటిని బట్టే వేస్తారు.

సుబేదారి అక్క · మార్చి 15, రాత్రి 9:30

తమ్ముడూ, లైను పొడుగ్గా ఉంటుంది. టిఫిన్ చేసి వెళ్లు.